పది పేర్ల పట్టిక: మద్యవ్యసనుల పరస్పర సహాయ కూటముల చరిత్రలో సంఘ కాపరి స్థానము – ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల దృష్ట్యా ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మద్యపానమును గూర్చి మన తెలుగు సంఘములలో ప్రసంగములకు కొదువ లేదు. సామెతలు 23వ అధ్యాయము, ఎఫెసీ 5:18, 1 కొరింథీ 6:10 మన విశ్వాసులకు కంఠతా వచ్చును. ఉజ్జీవ సభల చివర "ఈ రాత్రి నుండి త్రాగను" అని చేతులెత్తినవారిని చూచి సంతోషించుట కూడ మనకు అలవాటే. అయితే సభ ముగిసి, షామియానా విప్పి, ప్రసంగీకుడు రైలెక్కిన తరువాత, సోమవారము సాయంకాలము కూలి డబ్బు చేతికి వచ్చిన వేళ ఆ మనిషి ఎక్కడికి వెళ్ళవలెను? ఎవరి ప్రక్కన కూర్చొనవలెను? ఈ ప్రశ్నకు మన దగ్గర ఉన్న జవాబు తక్కువ.

ఈ ప్రశ్నకు జవాబుగా గత తొంభై సంవత్సరములలో లోకమంతట వ్యాపించిన ఒక విధానము కలదు. త్రాగుడు మానదలచినవారు, మానినవారు వారము వారము ఒక గదిలో కూర్చొని, ఒకరి అనుభవమును ఒకరు విని, ఒకరినొకరు నిలువబెట్టుకొను కూటము అది. ఈ వ్యాసములో ఆ కూటము ఎక్కడ పుట్టినది, క్రైస్తవ సంఘముతో దానికున్న బంధుత్వము ఏమిటి, మన పడమటి కర్నూలు ప్రాంతమునకు అది ఏమి నేర్పును అను మూడు సంగతులను పరిశీలింతుము. ఈ చరిత్రలో సంఘ కాపరి చేసిన అతి గొప్ప మేలు ప్రసంగము కాదు, వైద్యమూ కాదు. త్రాగుబోతుకు దారి చూపగల మనుష్యుల పేర్లు అతని దగ్గర ఉండుటే ఆ మేలు అని చూపుట మా ఉద్దేశము.

1. పడమటి కర్నూలు: మూసిన దుకాణము, తెరచిన దుకాణము

ఆదోని, దాని తాలూకాలోని ఎమ్మిగనూరు 1953 వరకు బళ్ళారి జిల్లాకు చెందినవి. ఆ సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసినవి. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వీధిలో వినబడు సీమ ఇది. లండను మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారిలో పరిచర్య ప్రారంభించిన నాటినుండి ఆ జిల్లాలో సువార్త ధ్వని వినబడుచున్నది.

ఆదోనికి ప్రత్తి, ఎమ్మిగనూరుకు మగ్గము. ఆదోనిలో ప్రత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘము. హమాలీకి మోసిన బస్తాకు, నేతగానికి నేసిన గజమునకు డబ్బు. కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కుటుంబములు వానలు తప్పిన ఏడు సుగ్గికి పోయి, గుంటూరు వైపు మిరపకోత చేసి తిరిగి వచ్చును. ఇట్టి జీవితములో చేతికి రొక్కము వచ్చు సమయము, దుకాణము తెరిచియుండు సమయము ఒక్కటే అగుట గమనింపదగినది.

సారా, కల్లు ఈ సీమలో ప్రభుత్వ ఆదాయ వనరులుగా చాలకాలము ఉన్నవి. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టము ఆ వ్యాపారమును క్రమబద్ధము చేసినది. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించగా, 1948 అక్టోబరు 2 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికి విస్తరించినది. 1954 నవంబరులో ప్రకాశము పంతులు గారి ప్రభుత్వము మద్యనిషేధ వివాదముపైననే, ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. 1968లో ఎక్సైజు చట్టము వచ్చినది. ఆ దశకము చివర దుకాణములు తిరిగి తెరచుకొన్నవి. 1980లలో "వారుణి వాహిని" పేర ప్యాకెట్లలో సారా పల్లెలకు చేరినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమునకు అడ్డు నిలిచిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు మన కర్నూలు జిల్లావారే. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము అమలు చేసినది. 1997లో అది సడలింపబడినది. సారా నిషేధము నిలిచినను, ఇతర మద్యము బెల్టు షాపుల రూపములో వీధి వీధికి వచ్చినది. 2019 అక్టోబరు 1న దుకాణములను ప్రభుత్వమే చేపట్టి, సంఖ్య తగ్గించి, 2020లో ధరలు బాగుగా పెంచినది. 2024 అక్టోబరు 16న దుకాణములు మరల ప్రైవేటువారి చేతికి వచ్చినవి.

దూబగుంట తల్లులు సాధించినదానిని మేము తక్కువ చేయము. నిషేధము నడచిన నెలలలో అనేక ఇండ్లలో పొయ్యి వెలిగినది, దెబ్బలు తగ్గినవి. అయినను మన సీమకు ఒక ప్రత్యేకత ఉన్నది: కర్ణాటక సరిహద్దు. ఇక్కడ ధర పెరిగినప్పుడెల్ల సిరుగుప్ప వైపునుండి ప్యాకెట్లు వచ్చినవి. 2020 తరువాత హొళగుంద, కోసిగి మార్గములలో పోలీసులు పట్టుకొన్న కర్ణాటక మద్యము వార్తలు ఈ ప్రాంతమువారికి గుర్తుండును. చట్టము దుకాణము తలుపు మూయగలదు. అప్పటికే మద్యమునకు బానిసయైన మనిషితో మూసిన తలుపు ఎదుట కూర్చొనుట చట్టము పని కాదు. ఆ పని ఎవరిది?

2. ప్రమాణ పత్రము: దాని బలము, దాని బలహీనత

పందొమ్మిదవ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంఘములు ఈ ప్రశ్నకు ప్రమాణ పత్రముతో జవాబు చెప్పినవి. 1874లో అమెరికాలో స్త్రీల క్రైస్తవ మద్యనిరోధక సమాజము, 1877లో జెనీవాలో లూయి లూసియన్ రోషా అను పాస్టరు స్థాపించిన బ్లూ క్రాస్ సమాజము సభ్యులచేత సంతకము చేయించినవి. మన సభలలో చేతులెత్తించు ఆచారము ఆ ప్రమాణ పత్రమునకు మనుమరాలే.

వీటికంటె ముందే, 1840 ఏప్రిల్‌లో బాల్టిమోరు నగరములోని ఒక త్రాగుడు దుకాణములో ఆరుగురు స్నేహితులు మానవలెనని నిర్ణయించుకొని వాషింగ్టోనియను సమాజము ప్రారంభించిరి. వారి పద్ధతి సామాన్యము: త్రాగి పాడైనవాడే లేచి తన కథ చెప్పును; అదే స్థితిలో ఉన్న మరియొకనిని మరుసటి వారము వెంటబెట్టుకొని వచ్చును. కొద్ది సంవత్సరములలో లక్షలమంది సంతకము చేసిరి. 1842లో అబ్రహాము లింకను వారి సభలో ప్రసంగించెను. కాని ఆ దశాబ్దము ముగియకముందే సమాజము దాదాపు కనుమరుగైనది. ఎందుకనగా కూటములు బహిరంగ సభలైనవి, పేరుపొందిన వక్తలు వచ్చిరి, నిషేధ చట్టముల రాజకీయము చొరబడినది, బాగుపడిన సామాన్యుడు వేదికపై ప్రదర్శనగా మిగిలెను. ఎదురెదురుగా కూర్చొనుట మాసిపోయినది.

మన ప్రాంతములో ఇదే పాఠము మరియొక రూపములో కనబడును. కార్తీక మాసములో అయ్యప్ప మాల వేసికొన్న పొరుగువాడు 41 దినములు చుక్క ముట్టడు. శ్రమకాలపు నలువది దినములు మన సంఘస్థులలో కొందరును అట్లే ఉందురు. మాల తీసిన నాడు వాడు, పునరుత్థాన పండుగ సాయంకాలము వీడు దుకాణము దగ్గర కలిసికొందురు. ఆ దినములలో వారిని నిలిపినది ఏది? ప్రమాణము మాత్రమే కాదు. ప్రతి సాయంకాలము భజనకో, ప్రార్థనకో వెళ్ళవలసియుండెను. అక్కడ తనవంటివారు కనిపెట్టుకొని యుండిరి. ప్రమాణము గడువుతో ముగిసినప్పుడు ఆ సాయంకాలపు తోడు కూడ ముగిసినది. మేమెరిగిన ఆదోని హమాలీ ఒకడు మూడు ఉజ్జీవ సభలలో కన్నీటితో ప్రమాణము చేసెను. మూడు కన్నీళ్ళును నిజమైనవే. నాలుగవ వారమున అతని ప్రక్కన ఎవరును లేరు.

3. వెస్లీ క్లాసు మీటింగునుండి ఆక్స్‌ఫర్డ్ గ్రూపు వరకు

ఎదురెదురుగా కూర్చొను కూటము సంఘమునకు క్రొత్తది కాదు. 1742లో బ్రిస్టలులో మందిరపు అప్పు తీర్చుటకు ఒక సభ్యుడు ఒక ఉపాయము చెప్పెను. వారమునకు ఒక పెన్నీ చొప్పున వసూలు చేయుటకు పన్నెండుగురికి ఒక నాయకుని నియమించవలెనని. నాయకులు ఇల్లిల్లు తిరిగి వచ్చి జాన్ వెస్లీతో చెప్పినది డబ్బు సంగతి మాత్రమే కాదు: ఒకడు భార్యతో కలహించుచుండగా చూచితిమి, మరియొకడు త్రాగియుండగా చూచితిమి అని. తాము ఇంతకాలము వెదకినది ఇదే అని వెస్లీకి తోచెను. అప్పటినుండి ఆ పన్నెండుగురు వారమునకొకసారి కూడి తమ ఆత్మస్థితిని దాపరికము లేక చెప్పుకొను పద్ధతి, క్లాసు మీటింగు, ఏర్పడినది. 1743 నియమములలో త్రాగుడు, సారా క్రయవిక్రయములు నిషేధింపబడినవి. అయితే నియమమును నిలిపినది నియమము కాదు, ఆ పన్నెండు కుర్చీలే.

ఇరువదవ శతాబ్దములో ఇదే స్వభావము ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను ఉద్యమములో తిరిగి కనబడినది. దాని స్థాపకుడు ఫ్రాంక్ బుక్‌మన్ అను లూథరను పాస్టరు. 1915లో ఆయన భారతదేశమునకు వచ్చి షెర్వుడ్ ఎడ్డీ గారి సువార్త సభలలో సహకరించెను. తిరువాన్కూరు పెద్ద సభలను చూచిన తరువాత, ఇది బాజాభజంత్రీలతో కుందేళ్ళ వేటకు పోయినట్టున్నదని ఆయన అభిప్రాయపడెను. వేలమందితో మాట్లాడుటకంటె ఒక్కనితో కూర్చొనుట మేలని ఆయనకు కలిగిన నమ్మకము బలపడుటలో మన దేశపు సభల పాత్ర కూడ ఉండుట గమనార్హము. పాపమును మరియొకని ఎదుట ఒప్పుకొనుట, నష్టపరచినవారికి సరిచేయుట, నిశ్శబ్దముగా దేవుని నడిపింపు కొరకు కనిపెట్టుట, పొందినదానిని మరియొకనికి చెప్పుట ఆ గుంపుల అభ్యాసములు.

4. ఆక్రన్, 1935: ఒక టెలిఫోను, పది పేర్లు

బిల్ విల్సన్ న్యూయార్కులో షేర్ల వ్యాపారములో ఉన్నవాడు. త్రాగుడువలన సర్వము పోగొట్టుకొనెను. 1934 చివర అతని పాత స్నేహితుడొకడు ఆక్స్‌ఫర్డ్ గ్రూపువలన త్రాగుడు మాని, వచ్చి అతనితో చెప్పెను. డిసెంబరులో ఆసుపత్రిలో చేరిన బిల్ ఆ తరువాత మరి త్రాగలేదు. శామ్యూల్ షూమేకర్ అను ఎపిస్కోపల్ పాదిరిగారి కాల్వరీ సంఘములో అతడు ఆత్మీయముగా పెరిగెను. ఆ చలికాలమంతయు ఎందరో త్రాగుబోతులకు అతడు బోధించెను, ఒక్కడును మారలేదు. బోధ మాని, నీ జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పుమని అతని వైద్యుడు సిల్క్‌వర్త్ సలహా ఇచ్చెను.

1935 మే నెలలో వ్యాపార పనిమీద బిల్ ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వెళ్ళెను. ఆ పని చెడిపోయినది. మేఫ్లవర్ హోటలు ముందు గదిలో ఒంటరిగా నిలిచినప్పుడు ఒక ప్రక్క బారు, మరియొక ప్రక్క టెలిఫోను, దాని దగ్గర ఊరిలోని సంఘముల పట్టిక. మరియొక త్రాగుబోతుతో మాట్లాడనియెడల తాను త్రాగుదునని అతనికి తెలిసినది. పట్టికలో ఒక పేరు చూచి, వాల్టర్ టంక్స్ అను ఎపిస్కోపల్ పాదిరిగారికి ఫోను చేసెను.

ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. ముక్కు మొగము తెలియని ఒకడు ఫోను చేసి, నేను త్రాగుబోతును, మరియొక త్రాగుబోతు కావలెను అనినప్పుడు ఆ పాదిరిగారు ఫోను పెట్టివేయవచ్చును; ఆదివారము ఆరాధనకు రమ్మని చెప్పవచ్చును. ఆయన అట్లు చేయలేదు. సుమారు పది పేర్లు ఇచ్చెను. బిల్ వరుసగా ఫోను చేయగా ఆ పేర్ల ద్వారా హెన్రియెట్టా సైబర్లింగ్ అను సహోదరి దొరికెను. ఆక్స్‌ఫర్డ్ గ్రూపులోని ఒక శస్త్రవైద్యుని కొరకు, డాక్టరు రాబర్ట్ స్మిత్ కొరకు, ఆమె అప్పటికే ప్రార్థించుచుండెను. మే 12 సాయంకాలము ఆమె ఇంటిలో ఇద్దరును కలిసికొనిరి. పదునైదు నిమిషములు మాత్రమే ఉందునని వచ్చిన డాక్టరు రాత్రి పదకొండు దాటువరకు కూర్చొనెను. తనకు బోధించువారు మునుపు ఎందరో వచ్చిరి. తనవలె త్రాగినవాడు తన కథ చెప్పుట అదే మొదటిసారి.

డాక్టరు మధ్యలో ఒకసారి పడిపోయెను. జూన్ 10న అతడు చివరిసారి త్రాగెను. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు వెల్లడించని మద్యవ్యసనుల సహవాసము, పుట్టిన దినముగా లెక్కింతురు. ఆ నెలలోనే ఇద్దరును ఆసుపత్రిలోని ఒక న్యాయవాది మంచము దగ్గరకు వెళ్ళిరి, అతడు మూడవవాడాయెను. తొలి దినములలో ఆక్రన్ సభ్యులు ఎక్కువగా చదివినవి కొండమీది ప్రసంగము, 1 కొరింథీ 13, యాకోబు పత్రిక. తమ పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొని ఒకని కొరకు ఒకడు ప్రార్థింపవలెనను యాకోబు 5:16 ఉపదేశము వారి అభ్యాసమునకు పునాది. 1939లో వారి గ్రంథము వెలువడినప్పుడు సభ్యులు నూరుమంది ప్రాంతము.

5. కూటము ఎందువలన నిలిచినది?

వాషింగ్టోనియనులు పదేండ్లు నిలువలేదు. ఈ సహవాసము తొంభై ఏండ్లు నిలిచినది. 1950లో క్లీవ్‌లాండులో ఆమోదించిన పన్నెండు సంప్రదాయములలో కారణములు కనబడును. సభ్యత్వమునకు మానవలెనను కోరిక ఒక్కటే అర్హత, రుసుము లేదు. బయటి విరాళములు పుచ్చుకొనరు. జీతముపై బాగుచేయువారు లేరు. మద్యనిషేధ చట్టముతో సహా ఏ బయటి వివాదములోను పక్షము వహింపరు. పత్రికలలో పేరు, ఫోటో రానీయరు. ఇవన్నియు మునుపటి సమాజములు ఎక్కడ జారిపడెనో చూచి వేసిన కంచెలు. వేదిక లేని చోట గర్వమునకు చోటు తక్కువ.

1951లో బిల్ భార్య లోయిస్ మరియొక సహోదరితో కలిసి త్రాగువారి కుటుంబ సభ్యుల కొరకు అల్-అనాన్ కూటములను క్రమపరచెను. దూబగుంటలోను మొదట లేచినది త్రాగినవారు కాదు, వారి ఇండ్ల స్త్రీలు. అక్షరాస్యత రాత్రి తరగతిలో సీతమ్మ కథ చదివి, ఇది నా కథయే అని ఒకరితో ఒకరు చెప్పుకొన్న తరువాతనే వారు దుకాణమునకు వెళ్ళిరి. ఆ తరగతి గది కూడ ఒక పరస్పర సహాయ కూటమే.

భారతదేశములో ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో ముంబాయిలో వేళ్ళూనినది. 1980లో మద్రాసులో శాంతి రంగనాథన్ గారు టి.టి.కె. చికిత్సా సంస్థ స్థాపించి, తరువాత పల్లెలలో శిబిరములు నడిపి, చికిత్స పొందినవారిని వారి ఊరివారితో కలుపు పద్ధతి చూపిరి. 1981లో ముంబాయిలో జోసెఫ్ పెరీరా అను కతోలిక గురువు కృపా ఫౌండేషను ప్రారంభించెను. చర్చి ఆవరణలోని ఒక గదితో ఒక గురువు ఎంత చేయవచ్చునో దానివలన తెలియుచున్నది.

ఈ పద్ధతి ఫలించునా అను ప్రశ్నకు 2020లో కొక్రేన్ సంస్థ 27 అధ్యయనములను, 10,565 మందిని పరిశీలించి జవాబిచ్చినది. ఈ కూటములకు క్రమపద్ధతిగా పంపబడినవారిలో సంవత్సరము చివర పూర్తిగా మానియున్నవారు సుమారు 42 శాతము. ఇతర మానసిక చికిత్సలు పొందినవారిలో 35 శాతము. ఇది సర్వరోగ నివారిణి కాదు. కాని తోడు ఒక మందు అనుటకు ఇది సాక్ష్యము. మన దేశములో 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ వెలువరించిన సర్వేలో మద్యమునకు పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కనికే ఏదో ఒక సహాయము అందినది. సమస్యగా త్రాగువారు పది శాతము దాటిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

6. కాపరులు అడుగు ప్రశ్నలు

మొదటిది: ఈ కూటములు యేసు నామమును చెప్పవు, ఎవరికి తోచిన దేవుడు వారికని చెప్పును గదా? 1939లో న్యూయార్కు సభ్యులలోని అవిశ్వాసులు పట్టుపట్టగా ఆ విశాలమైన మాట చేరినది. మా జవాబు ఇది: కూటము సంఘము కాదు, సంఘమునకు బదులును కాదు. ఆసుపత్రి వార్డులో మన విశ్వాసి ముస్లిము ప్రక్కన, హిందువు ప్రక్కన పడుకొనుటకు మనము అభ్యంతరము చెప్పము. అక్కడ ప్రాణము నిలుచును. ఆ ప్రాణమునకు ప్రభువు ఎవరో చెప్పుట మన పని, అది మన చేతనే ఉన్నది.

రెండవది: క్రీస్తులో నూతన సృష్టియైనవాడు "నేను మద్యవ్యసనిని" అని ఎందుకు చెప్పుకొనవలెను? అపొస్తలుడైన పౌలు పాపులలో తాను ప్రధానుడనని 1 తిమోతి 1:15లో వర్తమానములోనే చెప్పెను. అది అవిశ్వాసము కాదు, మెలకువ. పది ఏండ్లు మానినవాడు ఒక గ్లాసుతో మొదటికి వచ్చుట మనలో ఎందరో చూచినదే.

మూడవది: పేరు దాచుట ఎందుకు, సాక్ష్యము బహిరంగము కావలదా? మానిన రెండవ వారమునే సభలో సాక్ష్యము చెప్పించి, మూడవ వారమున పడిపోయినవానిని సిగ్గుచేత సంఘమునకు దూరము చేయుట మన మధ్య జరుగుచున్నది. చిన్న ఊరిలో రహస్యము కాపాడుట ప్రేమయే. సాక్ష్యమునకు దినము వచ్చును.

నాలుగవది అతి ముఖ్యమైనది: ప్రార్థనచేత విడుదల కలుగదా? కలుగును, ఆ విశ్వాసముతోనే మేము పరిచర్య చేయుచున్నాము. అయితే కాపరులు ఒక సంగతి తప్పక ఎరుగవలెను. చాలకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినప్పుడు మొదటి రెండు దినములలో చేతులు వణకుట, చెమటలు, మూర్ఛలు రావచ్చును. రెండవ మూడవ దినములలో లేనివి కనబడుట, కేకలు వేయుట, మనుష్యులను గుర్తింపకపోవుట కలుగవచ్చును. దీనిని దయ్యము పట్టినదని తలంచి ఆసుపత్రికి పంపక, ఉపవాస ప్రార్థనలో కూర్చుండబెట్టినయెడల ప్రాణము పోవచ్చును. త్రాగుడువలన శరీరములో బి విటమిను ముందే తరిగియుండును. ఉపవాసము దానిని మరింత తగ్గించును. ముందు వైద్యుడు, అతనితో కూడ ప్రార్థన, ఆ తరువాత కూటము. అట్లే భార్య భర్తకు తెలియకుండ అన్నములో మానిపించు బిళ్ళలు కలుపుట ప్రమాదకరమని స్త్రీల సమాజములో చెప్పవలెను. ఆ బిళ్ళ లోపల ఉండగా అతడు త్రాగినయెడల ప్రాణాపాయము కలుగవచ్చును.

7. ఆదోని, ఎమ్మిగనూరులలో చేయదగినవి

(అ) పేర్ల పట్టిక. ప్రతి కాపరి తన బైబిలులో ఒక కాగితము ఉంచుకొనవలెను. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగము. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ నంబరు 14446. మానసిక ఆరోగ్యమునకు టెలి మానస్ 14416. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి కూటముల స్థలములు, వేళలు. హైదరాబాదు, బెంగళూరు నగరములలో ఆ కూటములు నడచుచున్నవి. బేల్దారి పనికి బెంగళూరు పోవు మన యువకునికి అక్కడి చిరునామా ఇచ్చి పంపవచ్చును. 2020 లాక్‌డౌను తరువాత ఫోనులోనే కూర్చొను కూటములు విస్తరించినవి. అన్నింటికంటె విలువైనది మరియొకటి: ఏండ్ల తరబడి మానియున్న మన ఊరి ఇద్దరు ముగ్గురి పేర్లు, వారి అనుమతితో.

(ఆ) గది. కూటమునకు ఇద్దరు చాలునని ఆక్రన్ చెప్పుచున్నది. మన మందిరపు ప్రక్క గది, ఒక చాప, టీ. తాళపుచెవి ఇచ్చి కాపరి బయటికి రావలెను. కాపరి కుర్చీలో కూర్చొన్న క్షణమున అది ప్రార్థన కూడిక అగును. సంఘ పెద్ద వచ్చి కూర్చొన్న క్షణమున పంచాయతీ అగును. హాజరు పట్టిక సంఘ కమిటీకి చేరకూడదు.

(ఇ) వేళ. కూలి చేతికి వచ్చు సాయంకాలమే కూటము వేళ. సుగ్గినుండి జనము తిరిగి వచ్చు వారములలో వారమునకు రెండుసార్లు పెట్టవలెను. ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్య ముప్పది కిలోమీటర్ల దూరమే గనుక తన ఊరిలో సిగ్గుపడువాడు ప్రక్క ఊరి కూటమునకు బస్సులో పోవచ్చును. ఈ రెండు పట్టణముల కాపరులు మాట్లాడుకొని వేర్వేరు దినములు నిర్ణయించుట మంచిది.

(ఈ) ఇంటివారు. భర్త రాకపోయినను భార్య రావచ్చును. స్త్రీల సమాజములో ప్రత్యేకముగా ఒక గంట ఇట్టి ఇండ్లవారికి కేటాయించవలెను. కొట్టబడుచున్న స్త్రీని సహించుమని చెప్పి ఇంటికి పంపుట పరిచర్య కాదు. ఆమె భద్రత మొదటిది.

(ఉ) సంఘ క్రమశిక్షణ. పడిపోయినవానిని బల్లకు దూరముగా ఉంచు నియమము ఉన్న సంఘములు, తిరిగి రావడానికి ఏ మెట్లు ఉన్నవో కూడ వ్రాసి పెట్టవలెను. గలతీ 6:1-2 సాత్వికముతో దారికి తెమ్మని, భారము మోయుమని చెప్పుచున్నది. బల్లలో పులిసిన ద్రాక్షారసము వాడు సంఘములు ఇట్టివారి నిమిత్తము పులియని రసమును వాడుట మేలు.

ముగింపు

2 రాజులు 5వ అధ్యాయములో నయమాను ఇంటిలో ఒక చిన్నది ఉండెను. చెరపట్టబడిన పిల్ల, పేరైనను వ్రాయబడలేదు. ఆమె కుష్ఠమును బాగుచేయలేదు, ప్రవక్తగా ప్రకటించుకొనలేదు. ఎక్కడికి వెళ్ళవలెనో ఆమెకు తెలిసియుండెను, తెలిసినది చెప్పెను. వాల్టర్ టంక్స్ పాదిరిగారి టెలిఫోను పని అదే.

ఈ సీమలో దుకాణములు మూయబడినవి, తెరవబడినవి, మరల మూయబడవచ్చును. సభలు జరిగినవి, జరుగును. వీటి మధ్య ఒక సాయంకాలము మన తలుపు తట్టి, అయ్యగారూ, ఈ రోజు త్రాగకుండ ఉండవలెనని ఉన్నది, ఎక్కడికి పోవలెను అని అడుగువాడు వచ్చును. ఆ ప్రశ్నకు మన దగ్గర పేర్లున్నవా? పదియు దొరకకపోవచ్చును. ఒక్క పేరుతో ప్రారంభింపవచ్చును.